నాన్న రిపోర్టు రాసింది నేనే మేడమ్

పర్లాకిమిడి నుంచి ఒక అమ్మాయి ఏడు పేజీల ఉత్తరం రాసింది. పేరు వేయొద్దంది, ఊరి పేరు వేసినా ఫర్వాలేదంది. అందులోని సంగతులు క్లుప్తంగా చెబుతాను.

ఆమెకు 26 ఏళ్ళు. ఇంట్లో తెలుగు, బళ్ళో ఒడియా, కాలేజీలో ఇంగ్లీషు. బరంపురంలో ఎమ్మెస్సీ బయోటెక్నాలజీ చదివి, ఇప్పుడు అక్కడే ఒక ప్రైవేటు డయాగ్నస్టిక్ సెంటర్‌లో టెక్నీషియన్‌గా చేస్తోంది. జీతం 18 వేలు. ఆదివారాలు ఇంటికి వెళ్ళి వస్తుంది. నాన్నగారికి ఊళ్ళో కిరాణా కొట్టు ఉండేది. మూడేళ్ళ కిందట ఆయనకు మూత్రం ఎర్రగా పడింది. నొప్పి లేదు. వేడి చేసిందన్నారు, బార్లీ నీళ్ళు తాగమన్నారు. తగ్గింది. నెల తిరక్కుండా మళ్ళీ కనబడింది. రాయి అయి ఉంటుందని మందులు ఇచ్చారు. అలా ఎనిమిది నెలలు గడిచాక విశాఖపట్నంలో స్కానింగ్ చేయిస్తే ఎడమ కిడ్నీలో ఏడు సెంటీమీటర్ల గడ్డ కనబడింది. అప్పటికే ఊపిరితిత్తుల్లో మచ్చలున్నాయి. మరో పది నెలలకు ఆయన పోయారు. వయసు 57.

అప్పటినుంచి ఆమెకు ఒకటే పట్టుదల. కిడ్నీ క్యాన్సర్‌ను ముందే పసిగట్టే బయోమార్కర్ల (రక్తంలోనో మూత్రంలోనో దొరికే గుర్తుల) మీద పీహెచ్‌డీ చేయాలి. నెట్ (జాతీయ అర్హత పరీక్ష) రాసింది. ఫెలోషిప్ రాలేదు గానీ పీహెచ్‌డీ ప్రవేశానికి మాత్రం అర్హత వచ్చింది. ఆ అర్హత ఏడాదే చెల్లుతుంది, అందులో నాలుగు నెలలే మిగిలాయి. హైదరాబాదులో ఒక ప్రొఫెసర్ ‘ముందు ప్రాజెక్టులో చేరు, రిజిస్ట్రేషన్ సంగతి తర్వాత చూద్దాం’ అన్నారు. ఇంగ్లండ్‌లో ఒక యూనివర్సిటీ సరిగ్గా ఇదే విషయం మీద ప్రకటన ఇస్తే అప్లై చేసింది, వాళ్ళు ఆన్‌లైన్ ఇంటర్వ్యూకి పిలిచారు. ఇంట్లో అమ్మ, ప్లస్ టూ చదివే తమ్ముడు. నాన్న వైద్యానికి టెక్కలిలో ఉన్న మేనమామ 4 లక్షలు సర్దారు. ఆయన కొడుకు, అంటే ఈమెకు బావ, విశాఖలో ఉద్యోగం చేస్తున్నాడు. ‘ఆడిని చేసుకుంటే ఆ బాకీ బాకీ కాకుండా పోతాది. నువ్వు ఎలిపోతే నాకు ఎవులున్నారే’ అంటోంది అమ్మ.

ఈ పీహెచ్‌డీకి భవిష్యత్తు ఉందా, హైదరాబాదా ఇంగ్లండా, అమ్మకు ఎలా చెప్పాలి అని ఆమె మూడు ప్రశ్నలు అడిగింది. ఆరో పేజీలో, వేరే సంగతి చెబుతూ చెబుతూ, ఇంకో నాలుగు వాక్యాలు రాసింది. ‘అప్పుడు నేను మా ఊరి ల్యాబ్‌లోనే కొత్తగా చేరాను. నాన్న శాంపిల్ నేనే చూశాను. ఆర్‌బీసీ 20–25, పస్ సెల్స్ 2–3 అని రిపోర్టు రాసింది నేనే మేడమ్. రాయి అయి ఉంటుందిలే నాన్నా అన్నదీ నేనే.’ ఆ రిపోర్టు ఇప్పటికీ తన సర్టిఫికెట్ల ఫైల్లోనే ఉందట. అమ్మకు తెలియదట.

అమ్మా, నేను ముప్పై ఏళ్ళ పైగా మెడికల్ కాలేజీలో బయోకెమిస్ట్రీ చెప్పాను. నా దగ్గర చదివినవాళ్ళంతా నీ వయసువాళ్ళే కాబట్టి నువ్వు అనే అంటాను, ఏమీ అనుకోకు. నువ్వు అడిగిన మూడు ప్రశ్నలకూ జవాబు చెబుతాను గానీ, మొదలుపెట్టేది మాత్రం ఆరో పేజీ దగ్గర.

‘నీ తప్పేం లేదమ్మా’ అని ఒక్క ముక్క అనేసి ముందుకు పోవచ్చు. అంటే నువ్వు నమ్మవు. మూడేళ్ళుగా ఆ ముక్క నీకు నువ్వు ఎన్నిసార్లు చెప్పుకుని ఉంటావో. కాబట్టి ఆ రోజు ఏం జరిగిందో ఇద్దరం మరోసారి చూద్దాం. శాంపిల్ ట్యూబులో పోసి తిప్పావు. పై నీళ్ళు వంచేసి అడుగున మిగిలిన చుక్కను స్లైడ్ మీద వేసి కవర్ స్లిప్ పెట్టావు. నలభై లెన్సు కింద గుండ్రంగా, పాలిపోయినట్టు, లేత పసుపు బిళ్ళల్లా ఎర్ర కణాలు కనబడ్డాయి. ఫీల్డు ఫీల్డుకీ జరిపి లెక్కపెట్టి 20–25 అని రాశావు. మూడు దాటితేనే పట్టించుకోవాల్సిన అంకె అది. నువ్వు తగ్గించి రాయలేదు, ‘కొద్దిగా’ అని మెత్తగా రాయలేదు. టెక్నీషియన్ పని అక్కడితో అయిపోయింది, సరిగ్గా అయింది.

ఆ కాగితం చేతిలో పెట్టుకున్న డాక్టరు చూడాల్సింది ఇంకొకటి ఉంది. చీము కణాలు రెండో మూడో, ఎర్ర కణాలు పాతిక, నొప్పి లేదు, మనిషికి యాభై దాటింది. ఈ నాలుగూ పక్కపక్కన పెడితే ‘ఇన్ఫెక్షన్’ అనే మాట నిలబడదు, ‘రాయి’ అనుకుని ఊరుకోవడానికీ లేదు. పొట్ట స్కానింగ్ రాయాలి. రాయలేదు. ఇక నువ్వు అన్న ‘రాయి’ మాట. అది కూతురిగా అన్నావు. పొరపాటు మాటే. కానీ మూత్రంలో ఎర్ర కణాలు వచ్చినవాళ్ళలో ఎక్కువమందికి రాయో ఇన్ఫెక్షనో ప్రోస్టేటో అవుతుంది, క్యాన్సర్ తక్కువమందికి. ఇరవై మూడేళ్ళ పిల్ల ఎక్కువ అవకాశమున్నదాన్నే అనుకుంది. ఆ వారమే స్కాన్ చేయించి ఉంటే బతికేవారా అంటే, ఆ రోజుకే ఊపిరితిత్తులకు పాకిందో లేదో ఇప్పుడు ఎవరూ చెప్పలేరు. నేనూ చెప్పను. ఆ ప్రశ్న నీతో ఉంటుంది.

ఇదంతా ఎందుకు తవ్వానంటే, నీ పీహెచ్‌డీ ఆలోచన ఆ స్లైడ్ మీదే పుట్టింది. పుట్టడం మంచిదే. కానీ చూడు. మీ నాన్నగారి జబ్బు ఆలస్యంగా బయటపడింది బయోమార్కర్ లేక కాదు. మూత్రంలో రక్తమే పెద్ద గుర్తు, దానికి పరికరం కూడా అక్కర్లేదు, ఆయన కళ్ళకే కనబడింది. లేనిది ఒక అల్ట్రాసౌండ్, దాన్ని రాసే చెయ్యి. నీ ఉత్తరంలో రెండు కోరికలు ఒకదాని మీద ఒకటి పడుకుని ఉన్నాయి. ఏ లక్షణమూ లేనివాళ్ళలో జబ్బును పట్టే పరీక్ష కనిపెట్టాలన్నది ఒకటి. లక్షణం వచ్చినవాళ్ళు మీ నాన్నగారిలా ఎనిమిది నెలలు తిరగకూడదన్నది రెండోది. మొదటిది ప్రోటీన్లు, డీఎన్‌ఏ, మైనస్ 80 డిగ్రీల ఫ్రీజర్ల పని. రెండోది ఊళ్ళ మీద తిరిగే పని. రెండింటికీ పీహెచ్‌డీలున్నాయి. ఒకటి చేస్తే రెండోది చేసినట్టు కాదు. ఏది చేసినా నాన్న కోసమే అనుకుంటావు, అది నీ ఇష్టం. ఆరేళ్ళు రోజూ పొద్దున్నే లేచి వెళ్ళేది మాత్రం ఆ పనికే.

మొదటి ప్రశ్న. భవిష్యత్తు ఉందా? ప్రశ్నకు ఉంది, జవాబు ఇంకా దొరకలేదు కాబట్టి. ప్రపంచంలో ఏటా 4 లక్షలకు పైగా కొత్త కిడ్నీ క్యాన్సర్లు బయటపడుతున్నాయి. ఇప్పుడు దొరుకుతున్నవాటిలో సగానికి పైగా వేరే పని మీద తీసిన స్కానింగుల్లో అనుకోకుండా కనబడేవే. నడుం నొప్పి, రక్తం, చేతికి తగిలే గడ్డ, ఈ మూడూ కలిసి వచ్చేది పదిమందిలో ఒక్కరికైనా కాదు, వచ్చేసరికి ఆలస్యమైపోతుంది. అమెరికా లెక్కల్లో చూస్తే, కిడ్నీ దాటకముందు దొరికినవాళ్ళలో పదికి తొమ్మిదిమంది అయిదేళ్ళు దాటుతున్నారు, దూరానికి పాకాక దొరికితే పదికి ఇద్దరు మించరు. ఇంత తేడా ఉండి కూడా, మామూలు జనానికి చేయదగ్గ రక్త పరీక్ష గానీ మూత్ర పరీక్ష గానీ ఇవాళ్టికీ లేదు.

ప్రయత్నాలు లేక కాదు. అమెరికాలో సెయింట్ లూయిస్ పరిశోధకులు మూత్రంలో ఆక్వాపోరిన్-1, పెరిలిపిన్-2 అనే రెండు ప్రోటీన్లను పట్టుకుని 2015లో చాలా మంచి ఫలితాలు చూపించారు. పదేళ్ళు దాటింది, ఆ పరీక్ష ఇంకా ల్యాబ్ కౌంటర్ దాకా రాలేదు. 2018లో యూరప్ వాళ్ళు, ఏనాడో దాచిన రక్తం తీసి చూస్తే, కిమ్-1 అనే ప్రోటీన్ జబ్బు బయటపడటానికి అయిదేళ్ళ ముందు నుంచే కొందరిలో పెరిగి ఉందని తేల్చారు. 2020లో రక్తంలో తేలే డీఎన్‌ఏ ముక్కల మీది మిథైల్ గుర్తులతో (డీఎన్‌ఏకి అంటుకుని ఉండే రసాయన గుర్తులవి) ఇంకో దారి వచ్చింది. రక్తంలో చాలా బాగా పనిచేసింది, మూత్రంలో కాస్త తగ్గింది. కిడ్నీ గడ్డలు రక్తంలోకి డీఎన్‌ఏను వదలడంలో మహా పిసినారివి, అందుకే ఆ దారి పట్టాల్సి వచ్చింది.

మరి కౌంటర్ దాకా ఎందుకు రావు? ఒక లెక్క చేద్దాం. లక్షమంది ఆరోగ్యంగా ఉన్నవాళ్ళను తీసుకో. వాళ్ళలో 20 మందికి తెలియకుండా కిడ్నీ క్యాన్సర్ ఉందనుకుందాం. నీ పరీక్ష రెండు వైపులా నూటికి 95 పాళ్ళు కరెక్టు అనుకుందాం, అదే గొప్ప పరీక్ష. 20 మందిలో 19 మందిని పట్టేస్తుంది, బాగుంది. కానీ మిగతా 99,980 మందిలో నూటికి అయిదుగురి చొప్పున దాదాపు 5 వేలమందికి ఊరికే పాజిటివ్ అంటుంది. అంటే పాజిటివ్ వచ్చిన ప్రతి 260 మందిలో ఒక్కరికే జబ్బు. మిగతావాళ్ళంతా అప్పుచేసి సీటీ తీయించుకుని, వారం రోజులు అన్నం సయించక కూర్చోవాలి. పైగా నాలుగు సెంటీమీటర్ల లోపు గడ్డల్లో అయిదింట ఒకటి అసలు క్యాన్సరే కాదు. ఇంటర్వ్యూలో నిన్ను ‘బయోమార్కర్ అంటే ఏమిటి’ అని అడగరు. ‘ఎవరికి చేస్తావు ఈ పరీక్ష’ అని అడుగుతారు. దానికి నీ దగ్గర జవాబుండాలి.

నీ దగ్గర ఉంది కూడా, నువ్వు గమనించలేదు. నాలుగో పేజీలో ‘ఉద్దానం మా పక్కనే కదా, ఆ కిడ్నీ రోగుల శాంపిల్స్ తీసుకుని క్యాన్సర్ మార్కర్ వెతకొచ్చా’ అని ఒక మాట రాసి వదిలేశావు. అలా రాస్తే ఇంటర్వ్యూలో తోసేస్తారు. ఉద్దానంలో, అంటే ఇచ్ఛాపురం, కవిటి, సోంపేట, పలాస వైపు జనాన్ని తినేస్తున్నది దీర్ఘకాలిక కిడ్నీ వ్యాధి, క్యాన్సర్ కాదు. కానీ ప్రశ్నను తిరగేసి చూడు. కిమ్-1 క్యాన్సర్ లేకుండా కిడ్నీ దెబ్బతిన్నా పెరుగుతుంది, కిడ్నీ ఇంజురీ మాలిక్యూల్ అన్న దాని పేరులోనే గాయం ఉంది. యూరప్‌లో ఆరోగ్యవంతుల పక్కన పెట్టి చూస్తే బాగా పనిచేసిన మార్కర్, ప్రతి వీధిలో కిడ్నీ పాడైనవాళ్ళున్న చోట పనిచేస్తుందా? ఇదీ నీ ప్రశ్న. ఇక్కడ ఉద్దానం రోగులు నీకు పోలిక చూపించేవాళ్ళు, కంట్రోల్స్. మంచి గైడు ఎవరైనా ఈ ప్రశ్న వింటే కుర్చీ ముందుకు జరుపుకుంటారు. పలాసలో 2023 డిసెంబరులో 200 పడకల కిడ్నీ పరిశోధన ఆసుపత్రి మొదలైంది, నీకు రెండు మూడు గంటల దూరం. ఇంకోటి, మీది గిడుగు రామమూర్తి గారు పాఠాలు చెబుతూ సవర భాష నేర్చుకున్న ఊరు. రోగి దగ్గర మూత్రం తీసుకోవాలంటే సంతకం కంటే ముందు వివరం చెప్పాలి. తెలుగులో, ఒడియాలో చెప్పగలవు, సవరలో నాలుగు మాటలు కలిపినా కలుపుతావు. పెద్ద ల్యాబుల్లో ఎంత డబ్బు పోసినా ఇది దొరకదు. నీ అప్లికేషన్‌లో దీన్ని ఎక్కడా రాయలేదు, ‘లాంగ్వేజెస్ నోన్’ దగ్గర తప్ప.

ఇప్పుడు హైదరాబాదు. ఆ ప్రొఫెసర్ మంచివారే కావచ్చు. ‘తర్వాత చూద్దాం’ అనే మాటే నాకు నచ్చలేదు. ప్రాజెక్టులో చేరిన పిల్లలు రెండేళ్ళు పైపెట్లు పట్టి, ప్రాజెక్టు అయిపోయాక రిజిస్ట్రేషన్ లేక బయటికి వచ్చినవాళ్ళు నాకు తెలుసు. నీ విషయంలో గడియారం కూడా ఉంది. నాలుగు నెలలు దాటితే నెట్ మార్కులతో ఎక్కడా చేరలేవు, మళ్ళీ రాయాలి. ఫలానా సెషన్‌లో రిజిస్టర్ చేస్తానని ఈమెయిల్‌లో రాసివ్వమని మర్యాదగా అడుగు. అడిగితే కోపం వచ్చే గైడు దగ్గర ఆరేళ్ళు ఎలా ఉంటావు?

అంతకంటే ముఖ్యం శాంపిల్స్. నా దగ్గర ఒక కుర్రాడు చేసేవాడు. టాపిక్ అద్భుతం, పేరు వింటేనే జనం తలలూపేవారు. సర్జన్ దగ్గర్నుంచి గడ్డ ముక్కలు వస్తాయని రెండేళ్ళు థియేటర్ బయట ఐసు డబ్బా పట్టుకుని నిలబడ్డాడు. వచ్చినవి పదకొండు. అందులో మూడు కరెంటు పోయిన రాత్రి ఫ్రీజర్లో కరిగిపోయాయి. తప్పు వాడిది కాదు, అడగకుండా ఒప్పుకున్న నాది. అందుకే చెబుతున్నాను. ఫ్రీజర్‌లో ఇప్పటికే ఎన్ని ఉన్నాయి, ఏ ఆసుపత్రి ఇస్తోంది, ఎథిక్స్ అనుమతి ఎవరి పేరు మీద ఉంది, మూత్రం పట్టిన ఎన్ని గంటలకు ఫ్రీజ్ చేస్తున్నారు అని అడుగు. చివరిది టెక్నీషియన్‌గా నీకు మాకంటే బాగా తెలుసు, కౌంటర్ మీద మధ్యాహ్నం దాకా వదిలేసిన శాంపిల్‌లో ఏం మిగులుతుందో. ఆయన దగ్గర ఇంతకుముందు పూర్తి చేసినవాళ్ళకు ఎన్నేళ్ళు పట్టిందో వాళ్ళనే ఫోన్ చేసి కనుక్కో. ఆడపిల్లలనే కనుక్కో.

ఇంగ్లండ్ విషయానికి వస్తే, నీ అంశానికి అది సరైన చోటే. యార్క్‌షైర్‌లో ఊపిరితిత్తుల స్క్రీనింగ్‌కి వచ్చినవాళ్ళకే అదే ఊపులో పొట్ట సీటీ కూడా తీసి కిడ్నీ గడ్డలు వెతికారు. మూడున్నర, నాలుగేళ్ళలో అయిపోతుంది, దాచిన శాంపిల్స్ ఉంటాయి. కానీ చాలా ప్రకటనల్లో ఇచ్చే డబ్బు వాళ్ళ దేశపు పిల్లల ఫీజుకే సరిపోతుంది, బయటివాళ్ళ ఫీజుకూ దానికీ మధ్య తేడా నువ్వు కట్టుకోవాలి. ఇంటర్వ్యూ చివర్లో ‘మీరేమైనా అడుగుతారా’ అన్నప్పుడు సిగ్గుపడకుండా అడగాల్సింది ఇదే. ఆ తేడా యూనివర్సిటీ మాఫీ చేస్తుందా, కామన్వెల్త్ స్కాలర్‌షిప్‌కి దారి ఉందా అని. కాదంటే ఆ సీటు నీకు లేనట్టే. ఇల్లు తాకట్టు పెట్టి పీహెచ్‌డీకి వెళ్ళొద్దు, ఇది మాత్రం గట్టిగా చెబుతున్నాను. యూరప్‌లో మేరీ క్యూరీ ఫెలోషిప్‌ల కింద వచ్చే పీహెచ్‌డీ సీట్లయితే జీతమిచ్చే ఉద్యోగాలే, ఫీజు గొడవ లేదు. వాటిమీదా ఒక కన్నేసి ఉంచు. ఇంటర్వ్యూకి మాత్రం తప్పకుండా హాజరవు. సీటు రాకపోయినా, నీ ప్రశ్నను నలుగురు పరాయివాళ్ళ ముందు చెప్పి చూసుకున్నట్టవుతుంది.

ఈ రెండూ కాక ఇంకో రెండు దారులున్నాయి, నువ్వు రాయలేదు. ఒకటి, ఏడాది ఆగి ఫెలోషిప్ కొట్టడం. సీఎస్‌ఐఆర్ ఉంది, ఐసీఎంఆర్, డీబీటీ లాంటి కేంద్ర ప్రభుత్వ సంస్థల ఫెలోషిప్‌లూ ఉన్నాయి. జేఆర్‌ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) వస్తే నెలకు 37 వేలు, రెండేళ్ళ తర్వాత 42 వేలు, పైన ఇంటద్దె. నీ ఇప్పటి జీతానికి రెట్టింపు. అది చేతిలో ఉంటే గైడు నిన్ను ఎంచుకోవడం పోయి నువ్వు గైడును ఎంచుకుంటావు. భువనేశ్వర్‌లో ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ లైఫ్ సైన్సెస్, హైదరాబాదులో సీసీఎంబీ, సీడీఎఫ్‌డీ, నవీ ముంబైలో టాటా మెమోరియల్ వాళ్ళ ఆక్ట్రెక్, అన్నిటి తలుపులూ తట్టొచ్చు. వాటిలో ఎవరు ఏం చేస్తున్నారో ఒక్కొక్కరి పేజీ తెరిచి చదువుకో, సంస్థ పేరు చూసి పోవద్దు. నష్టం ఏమిటంటే ఏడాది పోతుంది, పరీక్ష పరీక్షే, రాకపోవచ్చు. సరిహద్దు పిల్లవి కాబట్టి ఒక హెచ్చరిక. కొన్ని కులాలు ఆంధ్రా జాబితాలో ఉండి ఒడిశా జాబితాలో ఉండవు. నీ సర్టిఫికెట్ ఇచ్చేది ఒడిశా తహసీల్దారు. పాతపట్నంలో మీ చుట్టాలకు చెల్లిన కాగితం నీకు చెల్లకపోవచ్చు, ముందే కేంద్ర జాబితాలో చూసుకో.

రెండో దారి, నిజం చెప్పాలంటే నాకు ఎక్కువ ఇష్టమైనది, అందుకే నా మాటను కాస్త తగ్గించి విను. ఇందాక చెప్పిన రెండో కోరిక ఉంది కదా. గంజాం, గజపతి, శ్రీకాకుళం జిల్లాల్లో మూత్రంలో రక్తం చూసినవాళ్ళు మొదటి స్కానింగ్ దాకా రావడానికి ఎన్ని రోజులు పడుతోంది, ఎక్కడ ఆగిపోతున్నారు, ఆర్‌ఎంపీ దగ్గరా, మందుల షాపు దగ్గరా, డబ్బు దగ్గరా? దీనిమీద పీహెచ్‌డీ చేయొచ్చు. ప్రజారోగ్యం కిందికి వస్తుంది, ల్యాబ్ డిగ్రీతో వెళ్ళి స్టాటిస్టిక్స్ మొదట్నుంచి నేర్చుకోవాలి. బరంపురంలో ఉండే చేయొచ్చు. యూజీసీ 2022 నిబంధనల ప్రకారం ఉద్యోగంలో ఉంటూ, యజమాని ఎన్‌ఓసీ ఇస్తే, పార్ట్‌టైమ్‌గానూ చేయొచ్చు. అమ్మకు ఆదివారాలు మిగులుతాయి. కానీ ‘క్యాన్సర్ బయోమార్కర్లు’ అన్నంత మెరుపు దీనికి లేదు, విదేశాల్లో పోస్ట్‌డాక్, అంటే పీహెచ్‌డీ తర్వాతి పరిశోధన ఉద్యోగం, అంత తేలిగ్గా రాదు. ఇంకో సంగతి. ప్రతి ఇంటర్వ్యూలో మీ నాన్నగారి కథే మళ్ళీ మళ్ళీ వింటావు. వందమంది నోట. తట్టుకోగలవా? ఫ్రీజర్ నిన్ను ఏమీ అడగదు, మనుషులు అడుగుతారు.

తేల్చుకోలేకపోతే, ఇంటర్వ్యూ వచ్చేలోగా ఒక పని చెయ్యి. అమెరికా వాళ్ళ క్యాన్సర్ జీనోమ్ అట్లాస్‌లో వందలాది కిడ్నీ గడ్డల సమాచారం ఉచితంగా ఉంది. ల్యాప్‌టాప్, ఇంటర్నెట్ చాలు. రాత్రి రెండు గంటల చొప్పున ఆర్ అనే లెక్కల కంప్యూటర్ భాష నేర్చుకుంటూ దాన్ని దింపి, వీహెచ్‌ఎల్ జన్యువు (ఈ క్యాన్సర్‌లో తరచూ పాడయ్యేది) పాడైనవాటిని విడిగా తీసి, పెరిలిపిన్ ఎక్కడ ఎక్కువుందో ఒక గ్రాఫు గీసి చూడు. మూడు వారాల తర్వాత ఆ పని విసుగ్గా ఉంటే నీకు కావలసింది ఊళ్ళ మీద తిరిగే పని. రాత్రి పన్నెండయినా లేవబుద్ధి కాకపోతే ల్యాబ్ పని.

‘నాకూ వస్తుందా’ అని ఏడో పేజీలో అడిగావు. వంశపారంపర్యంగా వచ్చేవి ఈ జబ్బులో తక్కువ, అవి చిన్న వయసులోనో రెండు కిడ్నీల్లోనో కనబడతాయి. మీ నాన్నగారికి 57, ఒక్క వైపే. అయినా ఇంట్లో ఒకరికి వస్తే మిగతావాళ్ళకు ముప్పు కొంచెం ఎక్కువే. నువ్వూ తమ్ముడూ డాక్టరుకు ఈ సంగతి చెప్పి స్కానింగ్ గురించి అడగండి. బీపీ చూపించుకోండి. తమ్ముడు సిగరెట్ ముట్టకుండా చూడు.

ఇక అమ్మ, మామయ్య, బావ. నువ్వు ఈ మూడింటినీ ఒకే ముడిగా రాశావు. విప్పి చూస్తే, బాకీ అడిగిన దాఖలా నీ ఉత్తరంలో లేదు. మామయ్య ఒక్కసారైనా అడిగారని రాయలేదు. పెళ్ళి మాట కూడా ఆయన నోట రాలేదు, అమ్మ నోటే వచ్చింది. బావ ఏమనుకుంటున్నాడో ఏడు పేజీల్లో ఒక్క ముక్క లేదు! అతను ఇంకెవర్నైనా ఇష్టపడుతున్నాడేమో, పాపం. బాకీని బాకీగానే ఉంచితే అందరికీ మర్యాద. మామయ్య దగ్గరికి నువ్వే వెళ్ళి, ‘ఫెలోషిప్ గానీ జీతం గానీ పెరిగిన నెల నుంచి ఇంత చొప్పున ఇస్తాను మామయ్యా’ అని చెప్పు. ఆయన వద్దంటే వద్దననీ. చెప్పడం నీ వంతు. అది చెప్పాక కూడా బావ నచ్చితే చేసుకో, అప్పుడది పెళ్ళి అవుతుంది. పెళ్ళయితే పీహెచ్‌డీ ఆగాలనీ లేదు. ఆడవాళ్ళకు గడువు మీద రెండేళ్ళు అదనంగా ఇస్తారు, ప్రసవానికీ పిల్లలకూ 240 రోజుల సెలవుంది. అయితే మెట్టినింట్లో వాళ్ళకు ఆ నిబంధన తెలియదు కదా. పెళ్ళికి ముందే బావతో మాట్లాడుకోవాలి, అమ్మ ద్వారా కాదు.

‘నాకు ఎవులున్నారే’ అన్న అమ్మ మాటకు నా దగ్గర మందు లేదు. ఆవిడ భయం నిజం. హైదరాబాదయితే రైలెక్కితే మర్నాటికి వస్తావు, ఇంగ్లండయితే రాలేవు. తమ్ముడు కూడా వచ్చే ఏడు చదువుకు బయటికే పోతాడు. కొట్టు ఏం చేశారో రాయలేదు. అద్దెకిచ్చారా, మూసి ఉందా? ఆవిడ కూర్చోగలిగితే సగం రోజైనా తెరిస్తే నలుగురు వచ్చి పోతుంటారు. ఇది నా ఊహే, మీ ఇంటి సంగతి నాకు తెలియదు.

కానీ నువ్వు పీహెచ్‌డీ గురించి అమ్మకు ఏం చెప్పినా ఆవిడకు సగమే అర్థమవుతుంది, రిపోర్టు సంగతి చెప్పనంతకాలం. నీ పట్టుదల ఎక్కడిదో తెలియక, కూతురు తనను వదిలిపోవడానికి చదువును సాకు చేసుకుంటోందనుకుంటోంది. వచ్చే ఆదివారం ఇంటికెళ్ళినప్పుడు తమ్ముడు లేని సమయం చూసి ఆ ఫైలు తియ్యి. ఏమంటారో చెప్పలేను. ఏడుస్తారేమో, కోప్పడతారేమో, ‘నాకు అప్పుడే తెలుసే’ అంటారేమో, అమ్మలకు మనం దాచామనుకున్నవి చాలా తెలుస్తుంటాయి. ఇంటర్వ్యూ ఏ తారీఖో రాయలేదు నువ్వు. ఎప్పుడైనా సరే, ఈ పని దానికి ముందే అవ్వాలి. ‘ఈ టాపిక్ ఎందుకు ఎంచుకున్నారు’ అని వాళ్ళు తప్పకుండా అడుగుతారు, ఆ జవాబు నీ నోటివెంట మొదటిసారి వినేది మీ అమ్మగారై ఉండాలి.